గరికపై గోల్ఫు: ఇప్పకు జ్ఞాతి, తునికికి తోబుట్టువు

పాల్వంచ దాటి కిన్నెరసాని వైపునకో, సారపాక మీదుగా గోదావరి వంతెనకెక్కి భద్రాచలమునకో పోవువారికి బాటకిరుప్రక్కలను కనవచ్చు చెట్లలో ఇప్పయు తునికియు ముఖ్యమైనవి. ఆ చెట్ల నీడలందును, చేలగట్ల మీదను, బాట అంచులందును పట్టు విడువక పాకునది గరిక. ఈ మూడింటికిని, నగరములలో కలవారు వారాంతములందు ఆడుకొను గోల్ఫునకును సంబంధమేమున్నదని చదువరి యడుగవచ్చును. గోల్ఫుబంతి అర్ధశతాబ్దమునకు పైగా ఏ చెట్టు పాలతో తయారైనదో ఆ చెట్టు ఇప్పకు జ్ఞాతి. బంతిని కొట్టు కఱ్ఱకు తలగా ఏ కొయ్యను అమర్చుచుండిరో అది తునికికి తోబుట్టువు. ఉష్ణదేశములలో ఆ బంతి దొరలు పచ్చికయన్ననో, జ్ఞాతియు తోబుట్టువును కాదు, సాక్షాత్తు మన గరికయే.

తెలుగుసీమలో ఈ క్రీడకు పేరుపడిన తావులు మన అడవియంచునకు ఇరువైపులను ఉన్నవి. తూర్పున విశాఖపట్టణమునందలి ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బు 1884లో ఏర్పడినది. పడమట గోల్కొండ కోటలో నయాఖిల్లా అను భాగమునందు, కుతుబ్‌షాహీల నాటి గోడల నడుమ, పదునెనిమిది గుంటల మైదానము కలదు. ఇట్టి క్లబ్బుల ప్రకటన ఫలకముల మీద సాధారణముగా నాలుగు విధములైన సంగతులు కనవచ్చును: పోటీల తేదీలు, అతిథులు చెల్లింపవలసిన రుసుములు, ఆయా ఋతువులలో ఇచ్చు తగ్గింపులు, క్రొత్తగా నేర్చుకొనువారికి హితవులు. వీనిలో మొదటి మూడును నెలకొకమాటు మారునవి గాన వాని జోలికి ఈ వ్యాసము పోదు. హితవులు మాత్రము బంతి, గాలి, గడ్డి అను మూడింటి ప్రకృతిని ఆశ్రయించి నిలిచినవి. ఆ ప్రకృతి యెట్టిదో తెలిసినవానికి హితవును కంఠస్థము చేయవలసిన అగత్యముండదు.

ఇప్పకొమ్మను విరిచినచో పాలు కారును. పచ్చి సపోటాకాయను కోసినప్పుడు చేతికంటు జిగురును అట్టిదే. ఇప్పయు సపోటాయు ఒకే కుటుంబమునకు చెందిన చెట్లు. మలయా, సుమాత్రా, బోర్నియో అరణ్యములందు పెరుగు పలాక్వియము అను మహావృక్షమును ఆ కుటుంబములోనిదే. దాని పాలు గడ్డకట్టగా ఏర్పడు పదార్థమునకు గట్టాపెర్చా యని పేరు. సింగపూరులో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా నుండిన మాంట్‌గమరీ 1840 దాటిన పిమ్మట దీని నమూనాలను ఇంగ్లండునకు పంపెను. పదేండ్లు తిరుగకముందే, 1851లో, ఇంగ్లండునకును ఫ్రాన్సునకును నడుమ సముద్రగర్భమున పరచిన తంతితీగెకు ఇదియే కవచమైనది.

ఇందొక రసాయన వైచిత్ర్యమున్నది. రబ్బరునకును గట్టాపెర్చాకును మూలద్రవ్యమొక్కటే. అయిదు కర్బన పరమాణువులును ఎనిమిది ఉదజని పరమాణువులును గల చిన్నముక్క వేలకొలదిగా కూడి యేర్పడిన గొలుసులే రెండును. అయినను రబ్బరులో ఆ ముక్కలు ఒక వైపునకే వంగి కూడుట చేత గొలుసు వంకరలు తిరిగి చిక్కువడియుండును గాన, లాగిన సాగి, విడిచిన ముడుచుకొనును. గట్టాపెర్చాలో ముక్కలు ఎదురుబొదురుగా కూడుట చేత గొలుసు చాలవఱకు తిన్ననై, ప్రక్కనున్న గొలుసుతో ఒదిగి, స్ఫటికమువలె గట్టిపడును. వేడినీట వేసినచో ఆ ఒద్దిక చెదరి మెత్తనగును. అప్పుడు ఏ రూపమున ఒత్తిన ఆ రూపమునే తాల్చి, చల్లారగానే మరల బిగియును. ద్రవ్యమొకటే యైనను కూర్పును బట్టి గుణము మారుననుటకు ఇంతకంటె చక్కని దృష్టాంతము దొరకుట అరుదు.

అంతకుముందు స్కాట్లండులో గోల్ఫుబంతి యనగా ఉడికించిన బాతు ఈకలను తోలుసంచిలో కూరి కుట్టినది. నేర్పరి యైన పనివాడును దినమునకు మూడు నాలుగింటికి మించి చేయజాలకుండెను. తడిసెనా, అది పాడయ్యెడిది. గట్టాపెర్చా బంతి 1848 ప్రాంతమున వచ్చి ఆ వృత్తిని కూల్చివేసినది. దాని పుట్టుకను గూర్చి స్కాట్లండులో ఒక కథ చెప్పుకొందురు: పేటర్సన్ అను నాతనికి తూర్పుదేశమునుండి ఒక విష్ణువిగ్రహము పెట్టెలో వచ్చినదనియు, దారిలో విఱుగకుండుటకై దాని చుట్టును గట్టాపెర్చా ముక్కలను కూరియుండిరనియు, ఆ ముక్కలను కాచి ఒత్తియే యాతడు మొదటి బంతిని చేసెననియు. ఇందు నిజమెంతయో గాని, రామదాసుని సీమలో నున్న మనకు ఈ కథ రుచింపకపోదు.

చవుకయు, గట్టియు, తడికి చెడనిదియు నగు ఈ క్రొత్తబంతి నున్నగా, గుండ్రముగా, చూడముచ్చటగా నుండెడిది. అయినను కొట్టిన కొలదిదూరములోనే తడబడి నేలకు దిగెడిది. అదే బంతి పదిమార్లు దెబ్బలు తిని, గాట్లుపడి, ముసలిదైన పిమ్మట చక్కగా ఎగిరెడిది! ఆటగాండ్రు కారణము నెఱుంగకపోయినను కార్యమును గ్రహించి, క్రొత్తబంతిని ముందుగనే సుత్తితో గాట్లుపెట్టుట మొదలిడిరి. పిదప అచ్చులోనే బుడిపెలు పోయుట వచ్చినది. కడకు ఇంగ్లండునందలి లెస్టరు వాస్తవ్యుడు విలియం టేలరు బుడిపెలకు మారుగా గుంతలను పెట్టి 1905లో హక్కుపత్రము పొందెను. నేటి బంతిమీద ఇంచుమించు మూడునాలుగు వందల చిన్నగుంతలుండును. ఒక్కొక్కదాని లోతు మిల్లీమీటరులో నాలుగవ వంతు మాత్రమే.

గరుకైనది నున్ననిదానికంటె తక్కువ ఒరయుచు పోవుట లోకానుభవమునకు విరుద్ధముగా తోచును. దీని మర్మమును విప్పినవాడు జర్మనీ దేశపు ప్రాంటల్. ఆయన 1904లో చూపిన దేమన, పోవుచున్న వస్తువునంటి ఒక పలుచని గాలిపొర యుండును. నిరోధము ఎంతయగునో తేల్చునది ఆ పొర నడవడియే. నున్నని బంతిమీద ఆ పొర నెమ్మదిగా జాఱి, బంతి నడుముదాకనైనను రాకముందే దానిని విడిచి విడిపోవును. అంతట బంతి వెనుక సుడులతో నిండిన వెడల్పైన తావొకటి యేర్పడును. అచ్చట ఒత్తిడి తక్కువ గాన, ముందునుండి త్రోయు గాలియు వెనుకనుండి లాగు శూన్యప్రాయమైన తావును కలిసి బంతిని ఆపును. గరుకుదనము ఆ పొరను కలచివేయును. కలతచెందిన పొర పైనున్న వేగవంతమైన గాలితో కలిసి బలము పుంజుకొని, బంతి వెనుకభాగమును చాలదూరము అంటియుండి, పిదప విడిపోవును; వెనుకటి సుడుల తావు ఇరుకగును; నిరోధము సగమునకు తగ్గును. ప్యారిస్ నగరపు ఉక్కుగోపురమును కట్టిన ఐఫెలే 1912లో గోళములపై గాలి నూది, వేగము హెచ్చగా ఒకానొక యెడ నిరోధము హఠాత్తుగా పడిపోవుటను కనుగొనెను. రెండేండ్లకు ప్రాంటల్ నున్నని గోళమునకు సన్నని తీగెనొకదానిని చుట్టి, తక్కువ వేగముననే ఆ పతనమును సాధించి చూపెను.

లెక్కకు వచ్చినచో, గోల్ఫుబంతి పరిమాణము గల నున్నని గోళమునకు ఆ భాగ్యము కలుగవలెనన్న సెకనుకు నూఱుమీటర్ల వేగము కావలెను. పేరుమోసిన ఆటగాని దెబ్బ తిన్న బంతి వేగమును సాధారణముగా డెబ్బదియైదు మీటర్ల ప్రాంతముననే యుండును. గుంతలు గల బంతికి ఇరువది మీటర్ల వేగమైనను చాలును గనుక, దాదాపు ప్రయాణమంతయు తక్కువ నిరోధముననే సాగును. నున్నని బంతి దానిలో సగము దూరమే పోగలదు. అరిగిన బంతులను, బురద పట్టిన బంతులను తుడువకయే ఆడువారు తమ దెబ్బను నిందించుకొనుటకు ముందు ఈ సంగతిని తలచుట మేలు.

నిరోధము తగ్గుట కథలో సగము. తక్కిన సగము భ్రమణమున కలదు. కఱ్ఱ ముఖము వెనుకకు వాలియుండుట చేత, దెబ్బ తగులునప్పుడే బంతి వెనుకకు తిరుగుచు బయలుదేరును. పొడవైన దెబ్బలో నిమిషమునకు రెండువేల అయిదువందల నుండి మూడువేల చుట్లు తిరుగును. అట్లు తిరుగు బంతి తన వెనుకటి గాలిని క్రిందికి త్రోయును. త్రోయబడిన గాలి బంతిని పైకెత్తును. జర్మన్ శాస్త్రజ్ఞుడు మాగ్నస్ పేర ఈ బలము ప్రసిద్ధము. గోల్ఫునందు దీని ప్రాధాన్యమును కనిపెట్టినవాడు ఎడింబరో విశ్వవిద్యాలయ ఆచార్యుడు పీటర్ గత్రీ టేట్. ఆయన ఒక పొడవైన పట్టీనాడా కొసను బంతికిని, రెండవ కొసను నేలకును బిగించి కొట్టించి, నాడా పడిన మెలికలను లెక్కించి భ్రమణవేగమును తెలిసికొనెను. ఆయన కుమారుడు ఫ్రెడ్డీ టేట్ 1896లోను 1898లోను బ్రిటిష్ అమెచ్యూరు ఛాంపియను. దక్షిణాఫ్రికా యుద్ధమున 1900లో మరణించెను. తండ్రి లెక్కకును కొడుకు దెబ్బకును నడుమ జరిగిన పోటీని గూర్చి పరిహాసకథలు పెక్కు పుట్టినవి గాని, భ్రమణము లేని బంతి పోగల దూరమునకు హద్దు ఉన్నదని తండ్రి చెప్పిన మాటలో పొరపాటేమియు లేదు. ఎలక్ట్రానును కనిపెట్టిన జె. జె. థామ్సన్ సైతము 1910లో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనునందు గోల్ఫుబంతి గతిశాస్త్రమును గూర్చియే ఉపన్యసించెను. మన పిల్లలాడు చిర్రగోనెలో చిర్ర యెంత గట్టిగా కొట్టినను కొలదిదూరమే పోవుటకు కారణమును ఇచ్చటనే వెదకవలెను: అది అడ్డముగా పల్టీలు కొట్టుచు గాలిని చీల్చుకొని పోవునే గాని, గాలి దానిని మోయదు.

క్రొత్తవారికి చెప్పు మొదటి హితవు దీనినుండియే పుట్టినది. బంతిని పైకి లేపవలెనని మణికట్టుతో తోడి విసరువారు పెక్కుమంది. ఆ శ్రమ వ్యర్థము. లేపునది కఱ్ఱముఖపు వాలు, లేచినదానిని నిలుపునది భ్రమణము. బంతియు కఱ్ఱయు కూడియుండునది సెకనులో రెండువేలవ వంతు కాలము. దెబ్బ తగిలిన స్పర్శ చేతినుండి మెదడునకు చేరునప్పటికే బంతి మీటరుకు పైగా దూరము పోయియుండును గాన, తగిలిన పిదప చేయు సవరణలకు విలువ లేదు. బంతి కుడికి వంగిపోవు రోగమునకును మూలమిదియే: కఱ్ఱ పోవు దారికి దాని ముఖము ఎదురుగా నిలువక కుడివైపునకు తెఱచుకొనియున్నచో, భ్రమణాక్షము ఒరగును, పైకెత్తవలసిన బలములో కొంత ప్రక్కకు లాగును. కనుక సవరింపవలసినది పట్టును, ముఖమును; బలమును గాదు. ఎంత గట్టిగా కొట్టిన అంత హెచ్చుగా వంగును.

ఆ రెండువేలవ వంతు సెకనులో 46 గ్రాములలోపు బరువు గల బంతి నిశ్చలస్థితినుండి డెబ్బదియైదు మీటర్ల వేగమందుకొనుటకు సగటున ఏడువందల కిలోల బరువునకు సమమైన బలము కావలెను. ఇంతటి దెబ్బను ఓర్చుకొను కొయ్య ఏది? అమెరికాలో పెరుగు పెర్సిమన్ చెట్టు కొయ్య ఇరువదవ శతాబ్దమున చాలకాలము ఆ పనికి నియుక్తమైనది. శాస్త్రమున దాని ప్రజాతి డయోస్పైరోస్. మన తునికిదియు అదే. మాఘఫాల్గుణములలో పొదలు నరికి, ఎండలు ముదురుచుండగా లేతాకు కోసి, యాభైయేసి ఆకుల కట్టలు కట్టి కల్లమునకు మోసికొనిపోవు కోయ స్త్రీలకు తునికి యనగా వేసవి కూలి. వేయి కట్టలొక ప్రామాణిక సంచి. బీడీకై ఆకు అంత ప్రసిద్ధమగుట చేత కొయ్య సంగతి మరుగుపడినది. ముదిరిన తునికిలోపలి చేవ నల్లనై, బరువై, గొడ్డలికి లొంగనిదై యుండును. పూర్వము పాశ్చాత్య వర్తకులు దీనిని కోరమండలపు నల్లచేవ యని వ్యవహరించిరి. పెర్సిమన్ తలలకు కాలము చెల్లి ఉక్కును టైటానియమును వచ్చినవి. కఱ్ఱకాడకు ఉక్కును బ్రిటిష్ అధికారులు 1929లోనే అంగీకరించియుండిరి. అయినను పొడవైన దెబ్బకు వాడు కఱ్ఱలను ఆటగాండ్రు నేటికిని ‘వుడ్స్’ అనియే పిలుతురు.

ఇక గరిక. వినాయకచవితినాడు దూర్వాయుగ్మమై దేవునికెక్కునదియు, మరునాడు చేనిలో కలుపై రైతుచేత తిట్లు తినునదియు ఇదియే. నేలమీద పాకు కాడలును, నేలలోపల పాకు కాడలును రెండును గలది గనుక, పైనుండి కోసినను, ఎండ మాడ్చినను, పశువులు తొక్కినను, కణుపొక్కటి మిగిలిన మరల చిగుర్చును. మొక్కజొన్న, చెఱకు వలె ఇదియు మండుటెండలో బొగ్గుపులుసు గాలిని పొదుపుగా పట్టి యాహారము చేసికొను జాతిది. కనుకనే చలిదేశపు గడ్డి మాడిపోవు తావున గరిక నవనవలాడును. అమెరికాలో జార్జియా రాష్ట్రపు టిఫ్టను పరిశోధనాకేంద్రమున గ్లెన్ బర్టన్ అను శాస్త్రజ్ఞుడు మన గరికను ఆఫ్రికా దేశపు సన్నగరికతో సంకరము చేసెను. గరికకు క్రోమోజోములు ముప్పదియాఱు, ఆఫ్రికా గడ్డికి పదునెనిమిది; బిడ్డకు ఇరువదియేడు. బేసిగా నున్న ఆ సంఖ్య జతలుగా విడిపోజాలదు గాన సంకరగరికకు విత్తు పట్టదు; కాడముక్కలను నాటియే పెంచవలెను. వంధ్యత్వమే దానికి వరమైనది: విత్తు లేనందున పెరిగినదంతయు ఒకే తీరున, సన్నగా, దట్టముగా ఉండును. 1956లో టిఫ్‌గ్రీను, 1960లో టిఫ్‌వే, 1965లో టిఫ్‌డ్వార్ఫు లోకమునకు వచ్చినవి. గుంటచుట్టునుండు గ్రీనుమీద ఇట్టి పొట్టిరకములను నాలుగైదు మిల్లీమీటర్ల యెత్తునకు కత్తిరింతురు.

ఎంత పొట్టిగా కత్తిరించినను గరిక ఒకవైపునకు వాలి పెరుగు స్వభావమును మానదు. గ్రీనుమీద నిలిచి చూచినప్పుడు గడ్డి మిలమిల మెఱసినచో అది మనకు దూరముగా వాలియున్నదని తెలియవలెను. బంతి వేగముగా దొరలును. మెఱపు లేక ముదురుపచ్చగా కనబడినచో మనవైపునకు వాలినదన్నమాట, బంతి మందగించును. అడ్డముగా వాలిన గడ్డి నెమ్మదైన బంతిని తనవైపునకు లాగును. చలిదేశపు పుస్తకములు చదివి ఆట నేర్చినవారు ఈ హితవును తఱచుగా ఉపేక్షింతురు; అచ్చటి గడ్డికి ఈ దోషమంతగా లేదు.

గాలి మాట కొంత చెప్పవలసియున్నది. పుష్యమాసపు ఉదయమున ఇరువది డిగ్రీలుండు గాలికంటె, కొత్తగూడెము ప్రాంతమున వేసవి మధ్యాహ్నమున నలుబదియైదు డిగ్రీలకెక్కిన గాలి ఇంచుమించు ఎనిమిది శాతము పలుచన. గోల్కొండ సముద్రమట్టమునకు అయిదువందల మీటర్లకు పైబడిన యెత్తున నుండుటచే, విశాఖ తీరపు గాలికంటె అచ్చటి గాలి ఆఱు శాతము పలుచన. పలుచని గాలిలో నిరోధము తగ్గును గాని పైకెత్తు బలమును తగ్గును. అందుచేత లాభము కొలది గజములకు మించదు. వానకాలపు ఉక్క గాలి బరువైనదని యందఱు తలతురు. నిజము తద్విరుద్ధము: నీటియావిరి యణువు గాలిలోని నత్రజని, ప్రాణవాయువుల యణువులకంటె తేలిక గాన, ముప్పది డిగ్రీలవద్ద తేమతో నిండిన గాలి పొడిగాలికంటె ఒకటిన్నర శాతము తేలిక. ఆషాఢశ్రావణములలో దెబ్బ పొట్టియగుటకు దోషము గాలిది కాదు, నేలది. తడిసిన నేలమీద పడిన బంతి దొరలదు. ఇదిగాక కఱ్ఱముఖమునకును బంతికిని నడుమ నీటిపొర చేరినచో పట్టు జాఱి భ్రమణము తగ్గును. గ్రీనుమీద పడిన బంతి నిలువక ముందుకు పోవును. వానలో ఆడువాడు దెబ్బకు ముందు కఱ్ఱముఖమును తుడుచుకొనవలెనను హితవు అందుచేతనే పుట్టినది.

పదునెనిమిది గుంటల మైదానమునకు ఏబది, అఱువది హెక్టార్ల నేల పట్టును. ఎండకాలమున గ్రీనులకు నిత్యము నీరు కావలెను. కిన్నెరసాని యడవియంచున ఇట్టిదొకటి వెలయవలెనని నేను కోరను. ఇప్పపూవు రాలు తావునకు అంతకంటె పెద్ద ప్రయోజనములున్నవి. ఉన్న మైదానములలో ఆడుకొనువారిపట్ల నాకు ద్వేషమును లేదు.

ఆట ముగియునది గుంటలోనే. దాని వెడల్పు 108 మిల్లీమీటర్లని 1891లో నిర్ణయమైనది. బంతి వ్యాసము 42.67 మిల్లీమీటర్లకు తక్కువ కారాదు. గుంటమీదికి వచ్చిన బంతి ఆవలి అంచును తాకులోపల కనీసము తన వ్యాసములో సగమైనను క్రిందికి దిగవలెను. భూమ్యాకర్షణచే అంత దిగుటకు సెకనులో పదునైదవ వంతు పట్టును. ఈ లెక్కన సూటిగా నడిమికి వచ్చిన బంతియు సెకనుకు సుమారు 1.3 మీటర్ల వేగమును మించినచో గుంటను దాటిపోవును. అంచు ప్రక్కగా వచ్చిన బంతికి దాటవలసిన దూరము తక్కువ గనుక, వేగము ఇంకను తక్కువ కావలెను. వేగము పెరిగిన కొలది ఆటగానికి గుంట ఇరుకగుచుండును. మరీ నెమ్మదిగా కొట్టినచో గడ్డివాలు దారి తప్పించును. తప్పినను గుంటకు అడుగు, అడుగున్నర దూరము దాటి ఆగునట్లుగా కొట్టుమని అనుభవజ్ఞులు చెప్పునది ఈ రెండింటికిని నడుమ కుదిరిన బేరము. గడ్డి మెఱయు వైపునకు కొట్టునప్పుడు దానిలోను కొంత తగ్గింపవలెను.